నోడ్ గ్రాఫ్‌లో తెర వెనుక రెండరింగ్: టెక్స్‌చర్ ఎవరి చేతిలో ఉండాలి?

బెజవాడ_బొమ్మలు | విజయవాడ | శనివారం రాత్రి 10.20

పెట్టెలూ తీగలూ కలిపి (దీన్నే నోడ్ గ్రాఫ్ అంటారు) బొమ్మలు ఆడించే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. కోడ్ జోలికి పోనివాళ్ల కోసం. మన దగ్గర పెళ్లిళ్లకు, సంగీత్‌లకు, దసరా పందిళ్లకు ఎల్‌ఈడీ గోడలు కట్టే ఆపరేటర్లు చాలామంది ఉన్న నాలుగు వీడియోలనే తిప్పి తిప్పి వేస్తుంటారు. పాటకు తగ్గట్టు అప్పటికప్పుడు బొమ్మ మార్చుకునే సాధనం వాళ్ల చేతికి ఇవ్వాలని కోరిక. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్‌లలో కూడా నడవాలి కాబట్టి ఓపెన్‌జీఎల్ 3.3 (బొమ్మలు గీయించే గ్రాఫిక్స్ ప్రమాణం) ఎంచుకున్నాను.

ఇప్పటిదాకా పెట్టెలన్నీ నేరుగా తెర మీదే గీస్తున్నాయి. పూలవాన, దీపాలు, వధూవరుల పేర్లు, ఒకదాని మీద ఒకటి. ఇప్పుడు ఒక దృశ్యాన్ని మసకబార్చాలి. మసకబారిన దాన్ని ఇంకో దృశ్యంలో గుండ్రటి చట్రంలో చూపాలి. అంటే పక్కన ఒక టెక్స్‌చర్‌లోకి (గ్రాఫిక్స్ మెమరీలో ఉండే చిత్రంలోకి) గీసి, దాన్ని మళ్లీ వాడుకోవాలి. ఫ్రేమ్‌బఫర్ ఆబ్జెక్ట్‌తో (తెరకు బదులు టెక్స్‌చర్‌లోకి గీయించే ఏర్పాటుతో) నమూనా చేశాను, పనిచేస్తోంది. చిక్కు గీయడంలో లేదు, డిజైన్‌లో ఉంది.

టచ్‌డిజైనర్ అనే ఇలాంటి పెట్టెల సాఫ్ట్‌వేర్‌లో బొమ్మల పెట్టె ఏదైనా దాని ఫలితం టెక్స్‌చరే. ప్యూర్ డేటాతో (ఇదీ పెట్టెల సాఫ్ట్‌వేరే) వాడే జెమ్‌లో అలా కాదు. అక్కడ తీగలో పారేది గీయమనే ఆజ్ఞ. దాన్ని బొమ్మగా పట్టుకోవాలంటే జెమ్‌ఫ్రేమ్‌బఫర్ పెట్టెను మనమే మధ్యలో పెట్టాలి. ఆపిల్ క్వార్ట్జ్ కంపోజర్‌లో రెండర్ ఇన్ ఇమేజ్ పెట్టె కూడా ఇదే పని చేసేది. నేను ఏ దారిన పోవాలి? టెక్స్‌చర్ అంటే ఏమిటో తెలియని ఆపరేటర్‌కు ఏది తేలిక? ఆ టెక్స్‌చర్‌ను పుట్టించేదీ తీసేసేదీ ఎవరు: పెట్టెనా, గ్రాఫ్ మొత్తాన్ని నడిపే ఇంజనా?

బ్రాడీపేట_బఫర్ | గుంటూరు | శనివారం రాత్రి 11.05

ఏ దారి అని అడిగే ముందు కాగితం తీసి లెక్క వేయండి.

1920×1080 చిత్రం, పిక్సెల్‌కు 4 బైట్లు: 82,94,400 బైట్లు. రంగులు మెట్లు మెట్లుగా కనబడకూడదని ఒక్కో రంగుకు 8 బిట్లకు బదులు 16 బిట్ల ఫ్లోట్ (దశాంశ సంఖ్య) పెట్టుకుంటే దానికి రెట్టింపు, సుమారు 1.66 కోట్లు. ఒక పెట్టె ఆ చిత్రాన్ని ఒకసారి చదివి, ఒకసారి రాస్తే 3.3 కోట్లు. సెకనుకు 60 ఫ్రేములు. ఒక్క పెట్టెకే సెకనుకు దాదాపు 2 గిగాబైట్ల రాకపోకలు. మీ ఆపరేటర్ సరదాపడి 20 పెట్టెలు వరసగా తగిలించాడనుకోండి, 40 గిగాబైట్లు.

విడి కార్డు లేని లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్‌కు వేరే మెమరీ ఉండదు, ప్రాసెసర్‌తో పంచుకోవాల్సిందే. డీడీఆర్4-3200 రెండు చానెళ్లతో ఉంటే కాగితం మీద సెకనుకు 51.2 గిగాబైట్లు. ర్యామ్ స్టిక్ ఒకటే ఉంటే అందులో సగం. ఇందులోంచే ప్రాసెసర్ వాటా, వీడియో డీకోడింగ్ వాటా పోవాలి. కాష్ కొంత ఆదుకుంటుంది, కానీ దాన్ని నమ్ముకుని డిజైన్ గీయకూడదు.

అందుకే "ప్రతి పెట్టెకూ ఒక టెక్స్‌చర్" అన్నది వినడానికి ఎంత శుభ్రంగా ఉంటుందో, నడపడానికి అంత ఖరీదు.

పటమట_పిక్సెల్ | విజయవాడ | ఆదివారం ఉదయం 7.40

మాస్టారి లెక్కకు అడ్డు చెప్పను గానీ, ఆ 1920×1080 ఎక్కడిదండీ? నేను గోడలు కట్టేవాడిని. మా దగ్గర తిరిగేవి ఎక్కువగా పీ3.91 ప్యానెళ్లు (చుక్కకూ చుక్కకూ మధ్య 3.91 మిల్లీమీటర్లు). అర మీటరు ప్యానెల్‌కు 128×128 చుక్కలు. కల్యాణ మండపంలో 6 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గోడ కడితే 12×6 ప్యానెళ్లు, అంటే 1536×768. అంతకు మించి మీరు ఎన్ని పిక్సెళ్లు గీసినా ఆ గోడ మీద వాటికి చోటు లేదు.

పక్కన రెండు స్తంభాలు కూడా కడతాం, ఒక్కొక్కటి 128×768. ఈ మూడింటినీ పక్కపక్కన పేరిస్తే 1792×768. లాప్‌టాప్ నుంచి వచ్చే హెచ్‌డీఎంఐ చట్రం 1920×1080లో ఇది ఇమిడిపోతుంది. సెండింగ్ బాక్సులో (బొమ్మను ప్యానెళ్లకు పంపే పరికరంలో) ఏ భాగం ఏ ప్యానెల్‌కో మ్యాప్ చేసుకుంటాం. మిగిలిన చోటు నల్లగా వదిలేస్తాం. ఆ నల్లటి చోటు మీద కూడా మీ పెట్టెలు మసకలు, మెరుపులు వేస్తూ కూర్చుంటే ఫ్యాన్ తిరగడమే తప్ప లాభం ఏమిటి?

బెజవాడ_బొమ్మలు | ఆదివారం ఉదయం 9.15

ఈ మాట బంగారం. గోడ మాత్రమే అయితే 11,79,648 పిక్సెళ్లు. పూర్తి చట్రంలో సగం కన్నా కాస్త ఎక్కువ. 8 బిట్లలో ఒక టెక్స్‌చర్ 4.7 మెగాబైట్లకే సరిపోతుంది. అయితే ఇక్కడే ఇంకో ప్రశ్న పుడుతుంది: టెక్స్‌చర్ కొలతను ఎవరు నిర్ణయించాలి? ముందున్న పెట్టె ఇచ్చిన కొలతనే తరవాతి పెట్టె తీసుకోవాలా, చివర ఉన్న గోడ "నాకు ఇంత కావాలి" అని వెనక్కి అడగాలా?

తాడేపల్లి_తెర | ఆదివారం ఉదయం 11.30

టచ్‌డిజైనర్‌లో మామూలుగా ముందు పెట్టె కొలతే తరవాతి పెట్టెకు వస్తుంది, కావాలంటే మార్చుకోవచ్చు. ఫలితం అడిగేది మాత్రం చివరి నుంచే. ఎవరూ చూడని పెట్టె లెక్క కట్టదు. కొలత ముందు నుంచి, కోరిక వెనుక నుంచి. ఈ రెండూ వేర్వేరు విషయాలు, కలిపి ఆలోచిస్తే తికమక పడతారు.

ఇక మొదటి ప్రశ్నకు నా జవాబు: ప్రతి ఫలితం టెక్స్‌చరే కావాలి. కారణం వేగం కాదు, కళ్లు. ప్రతి పెట్టె మీద దాని బొమ్మ చిన్నగా కనబడుతుంటే, ఎక్కడ తప్పు జరిగిందో ఆపరేటర్‌కు ఒక్క చూపులో తెలుస్తుంది. వేదిక మీద పంతులుగారు మంత్రం ఆపి ఇటు చూస్తున్నప్పుడు, గీయమనే ఆజ్ఞ ఎక్కడ తప్పిపోయిందో తీగ పట్టుకుని వెతికే తీరిక ఎవరికి ఉంటుంది?

పైగా టచ్‌డిజైనర్ ఉచిత కూర్పు బొమ్మ కొలతను 1280×1280కు కట్టేస్తుంది. పటమట గారి గోడ 1536. అసలు అది వ్యాపారానికి వాడే కూర్పు కూడా కాదు. కాబట్టి మీ సాఫ్ట్‌వేర్‌కు చోటు ఉంది, కానివ్వండి.

బ్రాడీపేట_బఫర్ | ఆదివారం మధ్యాహ్నం 12.10

చూపించడానికి టెక్స్‌చర్ కావాలి, నిజమే. చూడనప్పుడు కూడా ఎందుకు?

వరసగా మూడు పెట్టెలు ఉన్నాయనుకోండి: వెలుగు పెంచేది, రంగు మార్చేది, అంచులు నల్లబరిచేది. ఈ మూడూ ఒక పిక్సెల్‌కు దాని పాత రంగూ, దాని చోటూ తెలిస్తే చాలు, పక్క పిక్సెల్‌తో పని లేదు. మూడింటినీ ఒకే షేడర్‌గా (గ్రాఫిక్స్ చిప్పు మీద నడిచే చిన్న ప్రోగ్రాంగా) కుట్టేయవచ్చు. మధ్యలో రెండు టెక్స్‌చర్లు మాయం, రాకపోకలు మూడో వంతుకు పడిపోతాయి. ఆపిల్ బొమ్మల లైబ్రరీ కోర్ ఇమేజ్ ఇలాగే కెర్నెళ్లను (ఫిల్టర్ల చిన్న ప్రోగ్రాంలను) కలిపి మధ్యంతర బఫర్లు తగ్గిస్తుంది. క్వార్ట్జ్ కంపోజర్‌లో బొమ్మల ఫిల్టర్లు దాని మీదే నడిచేవి. మసక వేరు, అది చుట్టూ ఉన్న పిక్సెళ్లను చదవాలి, కాబట్టి దాని ముందు ఒక టెక్స్‌చర్ తప్పదు. ఆపరేటర్ మధ్య పెట్టె మీద చిన్న బొమ్మ తెరిచాడా, అక్కడ కుట్టు విప్పండి. మూశాడా, మళ్లీ కుట్టండి. షేడర్ మళ్లీ కంపైల్ అవుతుంది కాబట్టి ఒక్క క్షణం ఆగినట్టు ఉండవచ్చు. పాత షేడర్లను దాచిపెట్టుకుంటే రెండోసారి ఆ ఆగడం కూడా ఉండదు.

దృశ్యం సంగతి మళ్లీ వేరు. పది వేల పూలను గీయమనే ఆజ్ఞ తీగలో పారుతున్నప్పుడు దాన్ని తొందరపడి బొమ్మగా గడ్డకట్టిస్తే, తరవాత కెమెరా తిప్పడం కుదరదు, లోతు పోతుంది, ముందూ వెనుకా పోతాయి. కాబట్టి తీగలు రెండు రకాలు ఉండాలి: దృశ్యం తీగ (గీయమనే ఆజ్ఞ పారేది), చిత్రం తీగ (టెక్స్‌చర్ పారేది). వేరు రంగులు వేయండి.

తాడేపల్లి_తెర | ఆదివారం మధ్యాహ్నం 12.40

రెండు రంగుల తీగలు ఇస్తే ఆపరేటర్ తప్పు తీగను తప్పు రంధ్రంలో పెడతాడు. అతకదు. "సాఫ్ట్‌వేర్ పాడైంది" అని ఫోను చేస్తాడు. అర్ధరాత్రి ఆ ఫోను ఎత్తేది మీరు కాదు మాస్టారూ, బొమ్మలు గారు.

పటమట_పిక్సెల్ | ఆదివారం మధ్యాహ్నం 1.05

నేను చేస్తాను ఆ ఫోను. మొహమాటం లేదు.

బెజవాడ_బొమ్మలు | ఆదివారం మధ్యాహ్నం 3.30

ఇలా చేస్తే ఎలా ఉంటుంది? దృశ్యం తీగను తీసుకెళ్లి చిత్రం రంధ్రంలో పెడితే, అతకదు అనకుండా, మధ్యలో "చిత్రంగా పట్టు" అనే పెట్టె దానంతట అదే వచ్చి కూర్చుంటుంది. దాగి ఉండదు, కళ్లకు కనబడుతుంది. దాన్ని తెరిస్తే కొలత, ఫార్మాట్, నేపథ్య రంగు, లోతు కావాలా వద్దా అన్నీ ఉంటాయి. తెరవనివాడికి గోడ కొలతే వస్తుంది. ఆ గోడ కొలతను ప్రాజెక్టు మొదట్లో ఒక్కసారే అడుగుతాను: అడ్డంగా ఎన్ని ప్యానెళ్లు, నిలువుగా ఎన్ని, ప్యానెల్‌కు ఎన్ని చుక్కలు.

పటమట_పిక్సెల్ | ఆదివారం మధ్యాహ్నం 3.50

ప్యానెళ్లలో అడగడం బాగుంది. పిక్సెళ్లు అడిగితే మాలో సగం మంది 1920 అని కొట్టేస్తారు.

కొండపల్లి_కోడ్ | ఆదివారం సాయంత్రం 5.15

ఇంజనీరింగ్ చదువుతున్నాను, చిన్న ప్రశ్న. ప్రతి ఫ్రేముకూ టెక్స్‌చర్‌ను పుట్టించి, వాడుకుని, తీసేస్తే సరిపోదా? ఎవరి చేతిలో ఉండాలన్న గొడవే ఉండదు కదా అన్నా.

బెజవాడ_బొమ్మలు | ఆదివారం సాయంత్రం 5.40

చేసి చూడు తమ్ముడూ. మెమరీ ఇవ్వడం, తీసుకోవడం డ్రైవర్‌కు తేలిక పని కాదు. 60 ఫ్రేములలో ఒక్కో ఫ్రేముకు ఉన్నది 16.7 మిల్లీసెకన్లే. కొన్నిసార్లు బాగానే నడుస్తుంది, కొన్నిసార్లు ఉన్నట్టుండి తడబడుతుంది. ఆ తడబాటు గోడ మీద పూలవాన ఒక్కసారి కుదిపినట్టు కనబడుతుంది.

బ్రాడీపేట_బఫర్ | ఆదివారం రాత్రి 8.20

దీనికి పాత మందే ఉంది: కొలను (పూల్). వెడల్పు, ఎత్తు, ఫార్మాట్, ఈ మూడూ కలిసిన టెక్స్‌చర్‌ను కొలనులోంచి తీసుకుంటారు, పని అయ్యాక వెనక్కి వేస్తారు. షామియానా సప్లయర్ దగ్గర కుర్చీలు అద్దెకు తెచ్చుకున్నట్టు. పెట్టెకు సొంత టెక్స్‌చర్ ఉండదు, అద్దె మాత్రమే. కొలను ఇంజన్‌ది.

ఎప్పుడు వెనక్కి వేయాలో తీగలే చెబుతాయి. గ్రాఫ్‌ను క్రమంలో పేర్చాక ఒక ఫలితాన్ని ఎన్ని పెట్టెలు చదవాలో ముందే తెలుస్తుంది. చివరి పెట్టె చదివిన మరుక్షణం అది ఖాళీ. 20 పెట్టెల వరసకు నిజంగా కావాల్సినవి రెండు టెక్స్‌చర్లు: ఒకటి చదవడానికి, ఒకటి రాయడానికి. కొమ్మలు చీలితే ఇంకొన్ని. కంపైలర్లు రిజిస్టర్లు పంచే పద్ధతికీ దీనికీ పెద్ద తేడా లేదు.

దీనికి మినహాయింపులు ఉన్నాయి. చిన్న బొమ్మ తెరిచి ఉన్న పెట్టె తన టెక్స్‌చర్‌ను ఫ్రేము చివరిదాకా పట్టుకోవాలి. మారని పెట్టెది కూడా వదలకూడదు. వధూవరుల పేర్లు పొద్దుటి నుంచి మారవు, వాటిని 60 సార్లు గీయడం దండగ. సమయంతో మారే పెట్టె ఏది, ఇన్‌పుట్ మారితేనే మారే పెట్టె ఏది అని గుర్తు పెట్టుకోండి. అప్పుడు మెమరీ కొంచెం ఎక్కువ పడుతుంది, పని తగ్గుతుంది. విడి కార్డు లేని చోట నేను పని తగ్గడమే కోరుకుంటాను.

మరొకటి. ఆపరేటర్ కొలత స్లయిడర్‌ను లాగుతుంటే 801, 802, 803 అంటూ ప్రతి ఫ్రేముకూ కొత్త కొలత అడుగుతారు, కొలను నిండా ఎవరికీ పనికిరాని టెక్స్‌చర్లు చేరతాయి. వేలు ఎత్తేదాకా పాత కొలతలోనే గీసి సాగదీయండి. కాసేపు ఎవరూ తీసుకోని వాటిని తీసేయండి.

పటమట_పిక్సెల్ | ఆదివారం రాత్రి 9.00

కొలను అంటే గుర్తొచ్చింది. నిరుడు ఒక ఫంక్షన్‌లో పక్క బృందం వాళ్లు వాడిన సాఫ్ట్‌వేర్‌లో, ముహూర్తం బొమ్మ మొదలవుతుండగా అంతకు ముందు రాత్రి సంగీత్‌లో వేసిన ఫొటో ఒక్క రెప్పపాటు గోడంతా పడింది. ఎవరూ దాన్ని వేయలేదు. పెళ్లికొడుకు స్నేహితుల ఫొటో, అంతకన్నా వివరం వద్దు. ఇది మీరు చెప్పే అద్దె కుర్చీల వల్లేనా?

బ్రాడీపేట_బఫర్ | ఆదివారం రాత్రి 9.10

అచ్చంగా అదే అని దూరం నుంచి తేల్చలేను గానీ లక్షణం అదే. కొలనులోంచి వచ్చిన టెక్స్‌చర్‌లో పాత బొమ్మ ఉంటుంది. దృశ్యం గీసే పెట్టె ముందుగా తుడవాలి. తుడవకుండా గోడలో కొంత భాగమే గీస్తే మిగిలిన చోట పాతది బయటపడుతుంది. చిత్రం మొత్తాన్ని కప్పి రాసే ఫిల్టర్లకు తుడవడం అక్కర్లేదు, వాటికి మినహాయించండి. మిగతావాటికి "తుడవకు" అనే మీట అసలు ఇవ్వకండి.

తాడేపల్లి_తెర | సోమవారం ఉదయం 8.30

తుడవని బొమ్మే కావాల్సిన సందర్భం ఒకటి ఉంది కదా: ఫీడ్‌బ్యాక్. హారతి దీపం కదిలినప్పుడు వెనుక వెలుగు తోక రావాలి. పాత ఫ్రేమును కొంచెం మసకబరిచి, దాని మీద కొత్తది గీయాలి. ఇక్కడ రెండు జాగ్రత్తలు.

ఏ టెక్స్‌చర్‌లోకి రాస్తున్నామో అదే టెక్స్‌చర్‌ను అదే గీతలో (ఒకసారి గీయమనే ఆజ్ఞలో) చదవకూడదు. ఓపెన్‌జీఎల్‌లో దాని ఫలితం ఏమిటో నిర్వచనమే లేదు. ఒక కార్డు మీద బాగుంటుంది, ఇంకో కార్డు మీద గళ్లు గళ్లుగా పగులుతుంది. రెండు టెక్స్‌చర్లు పెట్టుకుని, ఒక ఫ్రేములో మొదటిది చదివి రెండోదానిలో రాసి, తరవాతి ఫ్రేములో తిరగేయాలి. ఈ జంట అద్దెది కాకూడదు, ఆ పెట్టె సొంతం. తీగల్లో చుట్టు వస్తే గ్రాఫ్‌ను క్రమంలో పేర్చలేం కాబట్టి, "గత ఫ్రేము" అనే పెట్టె ఉన్న చోట మాత్రమే చుట్టును అనుమతించండి.

రెండోది చాలామందికి అర్థం కాని దయ్యం. 8 బిట్ల టెక్స్‌చర్‌లో ప్రతి ఫ్రేమునూ 0.98తో గుణించి ఆర్పుతారు. తోక చాలాసేపు బాగా ఆరుతుంది, ఆ తరవాత బూడిద మరకలా గోడ మీద అంటుకుపోతుంది, ఎంతకీ పోదు. నల్లటి నేపథ్యంలో ఎల్‌ఈడీ మీద ఇది అసహ్యంగా కనబడుతుంది. 24 విలువను 0.98తో గుణిస్తే 23.52. దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తే మళ్లీ 24. అక్కడే ఆగిపోయింది!

కొండపల్లి_కోడ్ | సోమవారం ఉదయం 9.05

అంటే 0.9తో గుణిస్తే 4 దగ్గర ఆగుతుంది. 4ను 0.9తో గుణిస్తే 3.6, సవరిస్తే 4. ఎంత నెమ్మదిగా ఆర్పితే అంత వెలుగుగా మిగిలే మరక!

తాడేపల్లి_తెర | సోమవారం ఉదయం 9.20

సరిగ్గా పట్టావు. గుణించాక చిన్న మొత్తం తీసేయడం ఒక మందు. ఫీడ్‌బ్యాక్ జంటకు మాత్రం 16 బిట్ల ఫ్లోట్ పెట్టడం అసలు మందు. అక్కడ విలువ చిన్నదయ్యే కొద్దీ మెట్టు కూడా చిన్నదవుతుంది కాబట్టి సున్నాకు దగ్గరగా దిగిపోతుంది. మిగతా గ్రాఫ్ 8 బిట్లలోనే ఉండవచ్చు. ఈ ఒక్క చోట మాస్టారు ఖరీదు ఒప్పుకోవాలి.

బ్రాడీపేట_బఫర్ | సోమవారం ఉదయం 9.25

ఒప్పుకున్నాను.

అక్షరగోల | విజయవాడ | సోమవారం మధ్యాహ్నం 2.15

బొమ్మల సంగతి అందరూ మాట్లాడారు, అక్షరాల సంగతి ఎవరూ ఎత్తలేదు. గోడ మీద అందరూ చదివేది పేర్లే. వాటిలో ఒక్క వత్తు తెగినా ముందు వరసలో కూర్చున్న మేనత్తకు తెలుస్తుంది.

"లక్ష్మి" కంప్యూటర్ దృష్టిలో ఏడు సంకేతాలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఒక్కో సంకేతాన్నీ విడిగా గీసి పక్కన పెడితే పొల్లులతో విరిగిన ముక్కలు వస్తాయి. హార్ఫ్‌బజ్ లాంటి షేపింగ్ ఇంజన్ (సంకేతాలను సరైన అక్షర రూపాలుగా కలిపేది) గుండా పంపాకే గీయాలి. ఇది చాలామంది చేస్తారు. చేయనిది తరవాతి పని: టెక్స్‌చర్ కొలత. పేరు కోసం చిన్న టెక్స్‌చర్ పుట్టించేటప్పుడు ఫాంటులో రాసిన ఎత్తు, దిగువలను నమ్ముకుంటే, వాటిని ఇంగ్లిషు అక్షరాలకు సరిపోయేలా పెట్టిన ఫాంటులో వత్తు అడుగు తెగిపోతుంది. "స్త్రీ"లో వత్తు కింద వత్తు, పైన గుడిదీర్ఘం. అక్షరాలు పేర్చే పాంగో లైబ్రరీ లాజికల్ చట్రం (వరసలో కేటాయించే చోటు), ఇంక్ చట్రం (నిజంగా గీత పడే చోటు) అని రెండు ఇస్తుంది. వరసలు పేర్చడానికి మొదటిది, టెక్స్‌చర్ కొలతకు రెండోది వాడండి. అక్షరాల చుట్టూ మెరుపు వేస్తే దాని వ్యాసార్ధమంత చోటు నాలుగు వైపులా కలపండి, లేకపోతే మెరుపు కత్తిరించినట్టు నిటారుగా ఆగిపోతుంది.

ఇంకొకటి: ఎర్రటి పందిరి బొమ్మ మీద పసుపు అక్షరాలకు సన్నటి నల్లటి అంచు ఎందుకు వస్తుంది? ఫాంటు మార్చి, రంగు మార్చి విసిగిపోయినవాళ్లను చూశాను.

బెజవాడ_బొమ్మలు | సోమవారం సాయంత్రం 6.00

అక్కా, ఆ నల్ల అంచు నా నమూనాలో కూడా కనబడుతోంది. నేరుగా తెర మీద గీసినప్పుడు లేదు, టెక్స్‌చర్‌లోకి గీసి తెచ్చినప్పుడే వస్తోంది.

బ్రాడీపేట_బఫర్ | సోమవారం రాత్రి 7.30

అక్షరం అంచున సగం పారదర్శకమైన పిక్సెల్ ఒకటి తీసుకోండి, ఆల్ఫా (ఎంత నిండుగా కనబడాలో చెప్పే అంకె) 0.5. పూర్తిగా ఖాళీగా ఉన్న టెక్స్‌చర్‌లోకి మామూలు కలపడంతో (పైదాన్ని ఆల్ఫాతో, కింది దాన్ని ఒకటి మైనస్ ఆల్ఫాతో గుణించి) గీస్తే రంగు 0.5తో గుణించబడుతుంది, ఆల్ఫా కూడా తనతో తాను గుణించుకుని 0.25 అవుతుంది. ఇప్పుడు ఆ టెక్స్‌చర్‌ను పందిరి బొమ్మ మీద మళ్లీ అదే పద్ధతిలో కలిపితే, ఇప్పటికే సగమైన పసుపును 0.25తో మళ్లీ గుణిస్తారు: పసుపు వాటా 0.125. వెనుక ఎరుపు వాటా 0.75. రెండూ కలిపితే 0.875. మిగిలిన 0.125 ఎటు పోయింది? అదే మీ నల్ల అంచు.

విరుగుడు: గ్రాఫ్ అంతటా ముందే గుణించిన ఆల్ఫా. రంగును ఆల్ఫాతో ఒక్కసారే గుణించి దాచండి; కలిపేటప్పుడు పై బొమ్మను ఒకటితో, కింది దాన్ని ఒకటి మైనస్ ఆల్ఫాతో గుణించండి. తెర మీదైనా, టెక్స్‌చర్‌లోకైనా, ఎన్నిసార్లు కలిపినా ఫలితం ఒకటే. పీఎన్‌జీ ఫైళ్లు గుణించకుండా వస్తాయి కాబట్టి లోపలికి తెచ్చే చోట గుణించండి. వెలుగు, రంగు మార్చే ఫిల్టర్లు ముందు విడదీసి, పని చేసి, మళ్లీ గుణించాలి. ఇది ఒక్కో పెట్టె రాసేవాడి ఇష్టానికి వదిలితే సగం పెట్టెలు ఒక రకం, సగం ఇంకో రకం అవుతాయి. చిత్రం తీగలో పారేది ఎప్పుడూ గుణించినదే అని రాసిపెట్టండి.

అక్షరగోల | సోమవారం రాత్రి 8.05

ఇన్నాళ్లకు ఎవరో అంకెలతో చెప్పారు. ధన్యవాదాలు మాస్టారూ.

బెజవాడ_బొమ్మలు | మంగళవారం ఉదయం 8.10

గోడకు ఒక కిటికీ, ఆపరేటర్‌కు ఒక కిటికీ, రెండూ తెరిచాను. రెండింటికీ వేర్వేరు ఓపెన్‌జీఎల్ కాంటెక్స్టులు (ఒక్కో కిటికీకి ఓపెన్‌జీఎల్ విడిగా ఉంచుకునే స్థితి), మధ్యలో పంచుకునే ఏర్పాటు ఉంది. ఆపరేటర్ కిటికీలో "చిత్రంగా పట్టు" ఖాళీగా వస్తోంది. టెక్స్‌చర్ నంబరు సరిగ్గానే ఉంది, దోషం ఎక్కడ ఉందో తెలియడం లేదు.

బ్రాడీపేట_బఫర్ | మంగళవారం ఉదయం 8.45

టెక్స్‌చర్లు కాంటెక్స్టుల మధ్య పంచుకోవచ్చు. ఫ్రేమ్‌బఫర్ ఆబ్జెక్టులు పంచుకోలేం. ఒక కాంటెక్స్టులో పుట్టిన ఫ్రేమ్‌బఫర్ నంబరు ఇంకో దానిలో చెల్లదు, లేదా సంబంధం లేని ఇంకో ఫ్రేమ్‌బఫర్‌ది అవుతుంది. గీయడం మొత్తం ఒకే కాంటెక్స్టులో పెట్టండి, కిటికీలు తయారైన టెక్స్‌చర్లను అతికించుకుంటే చాలు.

పక్కన గీసే ప్రతి పెట్టె వ్యూపోర్టు (గీసే ప్రాంతం), కలిపే పద్ధతి, లోతు పరీక్ష, కత్తెర చట్రం (దీని బయట గీత పడదు) మార్చేసి పోతుంది. "తరవాతి వాడు సర్దుకుంటాడు" అనుకోకండి. ప్రతి గీతకూ కావాల్సిన స్థితిని ఇంజనే మొదట్లో పెట్టాలి. డ్రైవర్‌ను ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నావని అడిగి, దాచి, మళ్లీ పెట్టే పద్ధతి కన్నా ఇది చవక కూడా.

పటమట_పిక్సెల్ | మంగళవారం మధ్యాహ్నం 1.30

గోడ మీద వేసిందే రికార్డు చేసి ఇమ్మని పెళ్లివారు అడుగుతారు. ఒక సాఫ్ట్‌వేర్‌లో రికార్డు నొక్కగానే బొమ్మ సగం వేగానికి పడిపోయేది. దీనికి ముందే చోటు పెట్టుకోండి. పైగా మే నెలలో ఏసీ లేని హాలులో లాప్‌టాప్ అప్పటికే సెగలు కక్కుతుంటుంది, విజయవాడ ఎండ మీకు చెప్పనక్కర్లేదు.

తాడేపల్లి_తెర | మంగళవారం మధ్యాహ్నం 2.10

గ్రాఫిక్స్ నుంచి బొమ్మను వెనక్కి చదవమని నేరుగా అడిగితే, అప్పటిదాకా ఇచ్చిన పనంతా పూర్తయ్యే వరకు ప్రాసెసర్ చేతులు కట్టుకుని నిలబడుతుంది. పిక్సెల్ బఫర్ ఆబ్జెక్టులు (ఆగకుండా పిక్సెళ్లు వెనక్కి తెచ్చుకునే బఫర్లు) రెండు మూడు పెట్టుకుని, ఈ ఫ్రేము అడిగింది ఒకటి రెండు ఫ్రేముల తరవాత తీసుకోండి. రికార్డింగ్‌కు ఆ ఆలస్యం ఎవరికీ తెలియదు. శబ్దాన్ని కూడా అంతే జరిపితే చాలు.

అదే లాప్‌టాప్‌లో ఇంకో సాఫ్ట్‌వేర్‌కు పంపాలంటే వెనక్కి చదవడమే అక్కర్లేదు. విండోస్‌లో స్పౌట్, మ్యాక్‌లో సైఫన్ టెక్స్‌చర్‌ను గ్రాఫిక్స్ మెమరీలోనే పంచుతాయి. ఇంకో కంప్యూటర్‌కు ఎన్‌డీఐ (నెట్‌వర్క్ మీద వీడియో పంపే పద్ధతి) ద్వారా పంపితే మాత్రం చదవక తప్పదు.

బెజవాడ_బొమ్మలు | బుధవారం రాత్రి 9.45

ఇప్పటికి ఇలా రాసుకున్నాను. తీగలు రెండు రకాలు, మధ్యలో కనబడే "చిత్రంగా పట్టు". కొలను ఇంజన్‌ది, ఫీడ్‌బ్యాక్ జంట పెట్టెది. కొలత ఇవ్వకపోతే గోడ కొలత. గుణించిన ఆల్ఫా అంతటా. పక్కపక్క ఫిల్టర్లను కుట్టడం మొదటి కూర్పులో పెట్టను. కొలను ముందు సరిగ్గా నడవాలి. తాడేపల్లి గారూ, చిన్న బొమ్మలు ప్రతి పెట్టె మీదా ఉంటాయి గానీ, మొదట మూసే ఉంటాయి.

తాడేపల్లి_తెర | బుధవారం రాత్రి 10.00

మూసి ఉంచడం నాకు ఇష్టం లేదు. మొదటిసారి తెరిచిన ఆపరేటర్‌కు ఖాళీ పెట్టెలు కనబడతాయి, అక్కడే మూసేసి పాత వీడియోలకు వెళ్లిపోతాడు. కనీసం మౌస్ పెట్టిన పెట్టెకైనా బొమ్మ చూపండి.

బెజవాడ_బొమ్మలు | బుధవారం రాత్రి 10.10

మౌస్ పెట్టిన దానికి, సరే. ఒక్కటే మిగిలింది. ఫొటోలు తలకిందులుగా వస్తున్నాయి, టెక్స్‌చర్‌లోకి గీసినవి మాత్రం నిటారుగా ఉన్నాయి. ప్రతి పెట్టెకూ "తిప్పు" మీట పెట్టనా?

బ్రాడీపేట_బఫర్ | బుధవారం రాత్రి 10.20

వద్దు. ఓపెన్‌జీఎల్ టెక్స్‌చర్‌కు మొదటి వరస అడుగున ఉంటుంది, ఫొటో ఫైలుకు పైన. ఫొటో, వీడియో లోపలికి వచ్చే చోట ఒక్కసారి తిప్పండి. స్పౌట్‌కు పంపేటప్పుడూ రికార్డు చేసేటప్పుడూ అవి ఏ వైపు కోరుతున్నాయో చూసి బయటికి పోయే చోట తిప్పండి. గ్రాఫ్ లోపల తిప్పే మీట ఎక్కడా ఉండకూడదు.